ప్రస్తుతాప్రస్తుత వివేచన: డెబియన్ సముదాయ చర్చలు – ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం:

తెలుగులో 'అప్రస్తుత ప్రసంగం' అనేది మందలింపు మాట. సభలో ఒకరి మాటకు ఆ పేరు పడిందంటే అందులోని సత్యాసత్యాలను ఇక ఎవరూ విచారించరు. అది తప్పని నిరూపించే శ్రమ లేకుండానే చర్చ నుంచి తొలగిపోతుంది. కాబట్టి ఏది ప్రస్తుతం, ఏది అప్రస్తుతం అని నిర్ణయించడం పైకి సభామర్యాదకు సంబంధించిన విషయంగా కనిపించినా, నిజానికి అది చర్చాఫలితాన్ని ముందుగానే మలచగల అధికారం.

ఓపెన్ సోర్స్ సముదాయాల్లో ఈ అధికారానికి ప్రాధాన్యం ఎక్కువ. అక్కడ పనిచేసేవారిలో చాలామంది స్వచ్ఛందంగా వచ్చినవారే. వారిని ఆదేశించే యజమాని ఉండడు. పని విభజన, నియమాల రూపకల్పన, విభేదాల పరిష్కారం అన్నీ చర్చ ద్వారానే జరగాలి. 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ ఇటువంటి సముదాయాల్లో ప్రముఖమైనది. లిఖిత రాజ్యాంగం, 1997లో ఆమోదించిన సామాజిక ఒప్పందం, సర్వసభ్య తీర్మానాల పద్ధతి దానికి ఉన్నాయి. ఆ తీర్మానాల పాఠాలు, ఫలితాలు బహిరంగంగా లభిస్తాయి. అందువల్ల ఒక సముదాయం తన చర్చల హద్దులను ఎలా గీసుకుంటుందో పరిశీలించడానికి డెబియన్ అనువైన ఉదాహరణ. అక్కడి మూడు సందర్భాలను భారతీయ వాదశాస్త్ర పరిభాష వెలుగులో విశ్లేషించడం ఈ వ్యాస లక్ష్యం.

అర్థాంతరం – వాదశాస్త్ర దృష్టి:

న్యాయశాస్త్రం చర్చను వాదం, జల్పం, వితండ అని మూడు విధాలుగా విభజించింది. వాదానికి లక్ష్యం తత్త్వనిర్ణయం, జల్పానికి గెలుపు. వితండలో స్వపక్ష స్థాపన లేకుండా పరపక్ష ఖండన మాత్రమే ఉంటుంది. గౌతముని న్యాయసూత్రాలు ఓటమికి హేతువులైన నిగ్రహస్థానాలను 22గా పరిగణించాయి. వాటిలో 'అర్థాంతరం' ఒకటి. ప్రకృత విషయాన్ని విడిచి, దానితో సంబంధం లేని విషయాన్ని ప్రస్తావించడం అర్థాంతరం.

ఇక్కడ రెండు అంశాలు గమనించదగినవి. మొదటిది, అర్థాంతరం ప్రతిజ్ఞను ఆశ్రయించిన దోషం. సాధించవలసినదేమిటో ముందుగా స్పష్టం కాకపోతే, మాట దారి తప్పిందని చెప్పడానికి ఆధారమే ఉండదు. రెండవది, అన్ని నిగ్రహస్థానాలనూ వాదంలో ప్రయోగించడానికి వీలులేదు. న్యూనం, అధికం, అపసిద్ధాంతం, హేత్వాభాసలు మాత్రమే వాదంలో ఎత్తిచూపదగినవని న్యాయ సంప్రదాయం పరిమితి విధించింది. ఆ జాబితాలో అర్థాంతరం లేదు. సత్యం కోసం సాగే చర్చలో దారి తప్పిన మాటను సరిదిద్దవచ్చు గాని, ఆ కారణంగా మాట్లాడినవారిని ఓడినట్లు ప్రకటించకూడదన్న వివేకం దీనిలో ఉంది.

ఆలంకారికులు మరొక అడుగు ముందుకు వేశారు. అప్రస్తుతాన్ని వర్ణించి ప్రస్తుతాన్ని స్ఫురింపజేయడం 'అప్రస్తుతప్రశంస' అనే అలంకారమైంది. దోషమని తోసివేసిన దానిలోనే అసలు విషయం దాగి ఉండవచ్చునన్న ఎరుక దీనికి మూలం.

2004: పదసవరణగా వచ్చిన ప్రధాన విషయం:

డెబియన్ పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా ఉంటుందని సామాజిక ఒప్పందం తొలి పాఠం హామీ ఇచ్చింది. అయితే సాఫ్ట్‌వేర్‌తోపాటు వచ్చే వివరణ గ్రంథాలు, పరికరాలను నడిపే ఫర్మ్‌వేర్ కూడా ఆ మాట పరిధిలోకి వస్తాయా? 2004 ఏప్రిల్‌లో ఒప్పందానికి కొన్ని సవరణలు ఆమోదం పొందాయి. వాటికి పెట్టిన పేరు సంపాదకీయ సవరణలు, అంటే భాషను చక్కదిద్దేవి. ఆ హామీలో 'సాఫ్ట్‌వేర్' అన్న పదం పోయి, 'స్వేచ్ఛ' అన్న గుణం డెబియన్ మొత్తానికీ వర్తించింది. దాని పర్యవసానం వెంటనే తెలిసివచ్చింది. కొత్త పాఠం ప్రకారం, సిద్ధమవుతున్న 'సార్జ్' విడుదలలోని అనేక అంశాలు నిబంధనకు విరుద్ధమయ్యాయి. ఆ మార్పు అమలును సార్జ్ విడుదల తర్వాతకు వాయిదా వేస్తూ అదే సంవత్సరం మరొక తీర్మానం చేయవలసివచ్చింది. సార్జ్ 2005 జూన్‌లో వెలువడింది. గ్నూ లైసెన్సు కింద వచ్చే వివరణ గ్రంథాల విషయం 2006లో ఇంకొక తీర్మానంతో గాని తేలలేదు. మార్చకూడని భాగాలు లేని గ్రంథాలను మాత్రమే అప్పుడు స్వేచ్ఛా రచనలుగా అంగీకరించారు.

ఇక్కడ విషయాన్ని అప్రస్తుతమని ఎవరూ తోసివేయలేదు. కాని 'సంపాదకీయం' అన్న పేరు అదే పని చేసింది. ప్రధానమైనదాన్ని స్వల్పమైనదిగా చూపింది. ప్రతిజ్ఞ పరిధి అస్పష్టంగా ఉన్నప్పుడు ప్రస్తుతాప్రస్తుత నిర్ణయం ఎంత అస్థిరమో ఈ సందర్భం చెబుతుంది.

2014: ఇక్కడ తేల్చవలసినది కాదన్న తీర్పు:

కంప్యూటరు ఆరంభంలో సేవలన్నిటినీ నడిపే ప్రారంభ వ్యవస్థగా సిస్టమ్‌డీని 2014 ఫిబ్రవరిలో డెబియన్ సాంకేతిక సమితి ఎంచుకుంది. సమితిలో ఓట్లు సమానంగా చీలగా, అధ్యక్షుని నిర్ణాయక ఓటుతో విషయం తేలింది. ఏదో ఒక్క ప్రారంభ వ్యవస్థ మీదనే ఆధారపడే హక్కు ఇతర సాఫ్ట్‌వేర్‌లకు ఉండాలా వద్దా అన్న ప్రశ్న ఆ తర్వాత సర్వసభ్య తీర్మానానికి వచ్చింది. నవంబరులో గెలిచిన ప్రత్యామ్నాయం వీటిలో ఏ పక్షానిదీ కాదు. సర్వసభ్య తీర్మానం అవసరం లేదని, ఉన్న నిర్ణయ పద్ధతులే చాలునని ఆ ప్రత్యామ్నాయం సారాంశం.

ఇది విషయాన్ని కొట్టివేయడం కాదు, దాని చోటు వేరని చెప్పడం. అయినా వివాదం ఆగలేదు. ఆ నెలలోనే సాంకేతిక సమితి సభ్యులు కొందరు తప్పుకున్నారు. సిస్టమ్‌డీని అంగీకరించనివారు 'దేవువాన్' పేరుతో వేరు కుంపటి ప్రకటించారు. 2019 డిసెంబరులో అదే ప్రశ్న మళ్ళీ ఓటుకు వచ్చింది. సిస్టమ్‌డీ మీద దృష్టి నిలుపుతూనే ఇతర మార్గాల అన్వేషణకు తోడ్పడాలన్న ప్రత్యామ్నాయం అప్పుడు నెగ్గింది. అయిదేళ్ళ ముందు ఈ వేదికకు అక్కరలేదన్న ప్రశ్నకు చివరికి ఈ వేదికలోనే సమాధానం చెప్పవలసివచ్చింది.

2021: వెలుపలి విషయం లోపలికి వచ్చిన తీరు:

ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పాలకమండలిలోకి తాను తిరిగి వచ్చినట్లు రిచర్డ్ స్టాల్‌మన్ 2021 మార్చిలో ప్రకటించారు. అది వేరొక సంస్థ వ్యవహారం. దానిపై డెబియన్ మాట్లాడాలా? ఆయన తొలగింపును కోరేవి మొదలుకొని పునరాగమనాన్ని సమర్థించేవి వరకు పలు ప్రత్యామ్నాయాలు ఓటుకు వచ్చాయి. ఏప్రిల్‌లో నెగ్గినది మాత్రం, ఈ విషయంపై డెబియన్ బహిరంగ ప్రకటన ఏదీ చేయదన్న ప్రత్యామ్నాయం.

ఈ సందర్భంలో రెండు విశేషాలున్నాయి. ప్రస్తుతమా, అప్రస్తుతమా అన్న ప్రశ్నను ఒక అధ్యక్షుడో నిర్వాహకుడో తేల్చలేదు. అది కూడా మిగిలిన పక్షాలతో సమానంగా ఓటుపత్రంపై నిలిచింది. రెండవది ఇంకా ముఖ్యమైనది. అప్పటి పద్ధతిలో ఎవరు ఎలా ఓటు వేశారో పేర్లతో సహా బయటపడేది. ఇటువంటి వివాదంలో అలా బయటపడడానికి ఇబ్బందిపడినట్లు పలువురు సభ్యులు తెలిపారు. ఫలితంగా ఓటరు గుర్తింపును గోప్యంగా ఉంచాలన్న తీర్మానం 2022లో ఆమోదం పొందింది. వెలుపలి విషయంగా ముగిసిన చర్చ సముదాయపు సొంత రాజ్యాంగంలోని లోపాన్ని చూపింది. అప్రస్తుతం ద్వారా ప్రస్తుతం స్ఫురించడానికి ఇంతకన్న స్పష్టమైన నిదర్శనం అరుదు.

పరిమితులు:

హద్దులే ఉండకూడదన్న వాదన నిలవదు. స్వచ్ఛంద కార్యకర్త సమయం పరిమితం. హద్దు లేని చర్చలో గెలిచేది హేతుబలం కాదు, తీరిక ఉన్నవారి ఓపిక. వాదం జల్పంగా, జల్పం వితండగా దిగజారడం ఇలాగే జరుగుతుంది. చర్చను నిర్ణీత గడువులో ముగించే నియమం లేకపోతే పనిచేసేవారు ముందు తప్పుకుంటారు.

మరోవైపు, డెబియన్ పద్ధతినీ నిర్దోషంగా భావించనవసరం లేదు. తమ ప్రాధాన్యాలు వినియోగదారులు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అని సామాజిక ఒప్పందం చెబుతుంది. కాని తీర్మానాలలో ఓటు సభ్యులకే ఉంది, వినియోగదారులకు లేదు. తెలుగు వికీపీడియా తన ఉమ్మడి చర్చావేదికకు 'రచ్చబండ' అని పేరు పెట్టుకుంది. ఊరి రచ్చబండ అందరిదని చెప్పుకున్నా, దానిమీద కూర్చునే అర్హతను చాలాకాలం కులం నిర్ణయించింది. కొత్త వేదికలు ఆ పేరు తీసుకున్నప్పుడు, ఏది మాట్లాడవచ్చునన్న ప్రశ్నతోపాటు ఎవరు తేలుస్తారన్న ప్రశ్నను కూడా వారసత్వంగా స్వీకరించవలసి ఉంటుంది.

ముగింపు:

పై మూడు సందర్భాల్లోనూ విషయానికి పడిన ముద్ర విషయాన్ని ముగించలేదు. పదసవరణ విడుదలకే అడ్డంకి అయింది. అవసరం లేదన్న తీర్మానం అయిదేళ్ళకు తిరిగి వచ్చింది. ప్రకటించకూడదన్న నిర్ణయం ఓటు పద్ధతినే మార్చింది. ప్రస్తావ్యత విషయంలో సహజంగా ఉండే గుణం కాదని, సముదాయం చేసే నిర్ణయమని దీనివల్ల తేలుతుంది. నిర్ణయమైనప్పుడు దానికి ఇతర నిర్ణయాలకు ఉండవలసిన లక్షణాలే ఉండాలి. ప్రతిజ్ఞ ముందుగా స్పష్టం కావాలి. తోసివేతకు కారణం నమోదు కావాలి. ఇక్కడ కాదన్నవారు ఎక్కడో చూపాలి. పునఃపరిశీలనకు దారి తెరిచి ఉండాలి. డెబియన్ వీటిలో కొన్నిటిని సాధించింది. వినియోగదారుల స్థానం విషయంలో మాత్రం దాని సామాజిక ఒప్పందానికీ ఓటుపత్రానికీ మధ్య దూరం ఇంకా మిగిలే ఉంది.