కనిపించని యోధుడు: వ్యూహక్రీడలో ఒక పాత్ర రూపకల్పన

ఉద్దేశం: ఈ భాగం చదివిన తరువాత, పురాణగాథల ఆధారంగా తయారైన వ్యూహక్రీడలో అదృశ్య పాత్ర గుణదోషాలను మీరు వివేచించగలుగుతారు.

1. పరిచయం

ఇద్దరు ఆటగాళ్లు ఒకే సమయంలో తమ సైన్యాలను నడిపే కంప్యూటర్ ఆటలను రియల్ టైమ్ స్ట్రాటజీ ఆటలంటారు. చదరంగంలోలాగా వీటిలో వంతులుండవు. ఇలాంటి ఆటలో శత్రువుకు కనిపించని యోధుణ్ణి ప్రవేశపెడితే ఒక చిక్కు వస్తుంది. ఓడినవాడికి తానెందుకు ఓడాడో తెలియదు. కారణం తెలియని ఓటమి ఏమీ నేర్పదు, విసుగు మాత్రమే పుట్టిస్తుంది. కాబట్టి ఈ పాత్రకు ఎంత బలముందన్నది తరువాతి మాట. ఆ బలానికి హద్దు ఎక్కడుందో విమర్శకుడు ముందుగా చూడాలి.

2. ఇంద్రజిత్తు

వాల్మీకి యుద్ధకాండలో ఇంద్రజిత్తు కనిపించకుండా పోరాడి రామలక్ష్మణులను నాగపాశాలతో బంధిస్తాడు. వానరవీరులు ఎంత వెదికినా దొరకడు. విభీషణుడు మాత్రం తన మాయాబలంతో అతణ్ణి చూడగలుగుతాడు. భారత ఆరణ్యపర్వంలోని రామోపాఖ్యానంలో మరో ఉపాయం ఉంది. కుబేరుడు పంపిన జలంతో కళ్లు కడుక్కున్నవారికి దాగి ఉన్న ప్రాణులు కనిపిస్తాయి. ఇక మూడోది నికుంభిల. అక్కడ హోమం పూర్తిచేస్తే ఇంద్రజిత్తుకు ఎదురులేదు, మధ్యలో అడ్డుకుంటే చావు తప్పదు. ఆ రహస్యం విభీషణుడు చెప్పగా లక్ష్మణుడు వెళ్లి అడ్డుకుంటాడు.

చూడగల మనిషి, చూపునిచ్చే సాధనం, భంగపరచగల ఏర్పాటు: ఈ మూడు హద్దులనూ గుర్తుంచుకోండి.

3. రెండు ఆటలు

1998 నాటి స్టార్‌క్రాఫ్ట్‌లో డార్క్ టెంప్లర్ ఎప్పుడూ అదృశ్యంగానే ఉంటాడు, దెబ్బ బలమైనది. కనిపెట్టే సాధనాన్ని ముందే సిద్ధం చేసుకోనివాడి స్థావరం చూస్తుండగానే కూలిపోతుంది. 2002లో వచ్చిన వార్‌క్రాఫ్ట్ 3 మరింత వివేకంతో నడిచింది. అందులో నైట్ ఎల్ఫ్ స్త్రీ యోధులు రాత్రివేళ, కదలకుండా నిలబడితేనే మాయమవుతారు. షేడ్ అనే పాత్ర ఎప్పుడూ కనిపించదు కాని కొట్టలేదు, పైగా ఒక సేవకుణ్ణి బలి ఇస్తేనే పుడుతుంది. రాత్రి ఎప్పుడు వస్తుందో ఇద్దరు ఆటగాళ్లకూ తెలుసు. ఎప్పుడు జాగ్రత్తపడాలో తెలిసినప్పుడు భయం కూడా ఆటలో భాగమవుతుంది.

4. అంతర్వేది కథ

మీది రాజోలు ప్రాంతమైతే అంతర్వేది స్థలపురాణం వినే ఉంటారు. రక్తావలోచనుడి నెత్తురు ఎన్ని ఇసుకరేణువులను తాకితే అంతమంది రక్తావలోచనులు పుట్టాలన్నది వరం. నరసింహస్వామి మాయాశక్తిని పిలిచి ఆ నెత్తురు నేలను తాకకుండా చేసి, తరువాత రాక్షసుణ్ణి సంహరించాడు. వరం రద్దు కాలేదు, అది పనిచేయడానికి కావలసిన షరతు మాత్రం తప్పిపోయింది. మంచి ఆటలో ప్రతి శక్తికీ విరుగుడు ఇలాగే, ఆ శక్తి నియమంలోనే దొరకాలి.

5. వివేచన

అయితే పురాణం ఆటనియమాల పుస్తకం కాదు. ఇంద్రజిత్తు ఒక్క బ్రహ్మాస్త్రంతో వానరసేననంతా పడగొట్టగలడు. కావ్యంలో ఇరుపక్షాలనూ నడిపేది ఒక్క కవే గనుక అది చెల్లుతుంది. ఆటలో అవతల కూర్చున్నది మరో మనిషి. అందుచేత ఇంద్రజిత్తు బలాన్ని తగ్గించి, అతని హద్దులను నిలుపుకోవాలి. కిరీటం, పేరు, మాయం కావడం మాత్రమే తీసుకుని నికుంభిలను వదిలేస్తే అది ఇంద్రజిత్తు పాత్ర కాదు, అతని వేషం. మన కథల్లోని అసలు తెలివి పోయి అలంకారం మిగులుతుంది.

కోనసీమనే రణరంగంగా ఊహించండి. యోధుడు కొబ్బరితోటల్లో కనిపించడు. కాలువ దాటినప్పుడు, దెబ్బ కొట్టినప్పుడు బయటపడతాడు. అతని హోమగుండం ఎక్కడుందో వెదికే అవకాశం శత్రువుకుంటుంది. అప్పుడు ఓడినవాడు కూడా కారణం తెలుసుకుని మరో ఆటకు కూర్చుంటాడు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

అ. ఇంద్రజిత్తు అదృశ్యశక్తికి ఉన్న హద్దులేవి?
ఆ. డార్క్ టెంప్లర్, షేడ్ పాత్రలను పోల్చండి.
ఇ. మీ ఊరి స్థలపురాణంలోని ఒక వరాన్ని తీసుకుని, దాని షరతునూ విరుగుడునూ పది వాక్యాల్లో రాయండి.