పూల ఓర్పు, తోటమాలి నేర్పు

పువ్వును సుకుమారానికి గుర్తుగా చెప్పుకోవడం తెలుగువాళ్ళకు అలవాటు. జంధ్యాల పాపయ్యశాస్త్రి ‘పుష్పవిలాపం’ ఘంటసాల గొంతులో ఊరూరా మోగాక, కోసే చేతికి బెదిరే పువ్వే అందరి మనసుల్లో నిలిచిపోయింది. పెరటి మొక్కతో మసలినవాళ్ళకు తెలిసిన పువ్వు వేరు. పెన్నా ఆయకట్టులోని బుచ్చిరెడ్డిపాలెం వంటి ఊళ్ళలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు, ఏ ఏడో ఒక తుఫాను, ఆపైన రోహిణి కార్తె ఎండలు. వీటన్నిటికీ ఓర్చుకునే ఇక్కడి మొక్క పూస్తుంది.

ఈ విద్యలో మొదటి గురువు మల్లె. వానలు వెనకబట్టగానే నీళ్ళు ఆపి మొక్కను వాడగడతారు. ఆకు దూస్తారు, పెద్ద తోటలైతే గొర్రెలను తోలి మేపుతారు. ఆ తర్వాత కొమ్మలను మోకాలెత్తుకు కత్తిరిస్తారు. చూసినవాళ్ళకు మొక్క చచ్చిందనిపిస్తుంది. కానీ మల్లె మొగ్గ తొడిగేది కొత్త చిగురుకే. కత్తెర పడిన చోట చిగుళ్ళు చీలి, వేసవి మొదలయ్యేసరికి చెట్టంతా మొగ్గే. తోటమాలి పనితనం అసలు తెలిసేది కత్తిరింపు తర్వాత. పాదు తవ్వి, పశువుల ఎరువు వేసి, నీళ్ళు పెట్టకపోతే మొక్క పడిన బాధంతా వృథా. వేరు నిలదొక్కుకోని లేత మొక్కను అసలు వాడగట్టరు. కష్టపెడితేనే పిల్లలు రాటుదేలతారనే పెద్దలు మల్లెపాదు దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది. కష్టానికి వేళ, మోతాదు ఉండాలి. వెనువెంటనే ఆదరణ ఉండాలి.

కనకాంబరానిది ఇంకో తీరు. వాసన లేదని చిన్నచూపు చూస్తారు గానీ, మల్లె వాడిపోయాక కూడా జడలో నిలిచే పువ్వు అదే. దాని ఎండుకాయ మీద నీటిచుక్క పడగానే చిటుక్కున పగిలి గింజలను దూరంగా చిమ్ముతుంది. తడి తగిలే దాకా ఓపిక పట్టడం, తగిలిన క్షణాన జాగు చేయకపోవడం, రెండూ దానికి తెలుసు.

ఎవరూ నాటకుండానే గోడ పగుళ్ళలో మొలిచే బిళ్ళగన్నేరును పశువు కూడా ముట్టదు. పిల్లల రక్తక్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్ మందు ఆ చేదు మొక్క నుంచే వచ్చింది. చెరువు ఎండినా తామర దుంప బురదలో ప్రాణం నిలుపుకుంటుంది. చైనాలో దొరికిన సుమారు 1,300 ఏళ్ళ నాటి తామర గింజ శాస్త్రజ్ఞుల చేతిలో మొలకెత్తింది. ఇంతటి ఓర్పు ఉన్న పువ్వును అబలత్వానికి గుర్తుగా వాడటం అన్యాయం.

పూలతోట పెంచిన మహనీయులూ కష్టజీవులే. రామానుజుల మాటమీద తిరుమలలో తోట వేసిన అనంతాళ్వారు చెరువు తానే తవ్వాడనీ, నిండు గర్భిణి అయిన భార్య మట్టి మోసిందనీ చెబుతారు. ఆ తవ్వకంలో ఆయన పట్టిన గునపం అంటూ ఒకటి ఆలయ మహాద్వారం దగ్గర నేటికీ కనిపిస్తుంది. చిన్నవయసులోనే భర్తను పోగొట్టుకుని, లోకుల ఆంక్షలను కాదని కొండెక్కిన తరిగొండ వెంగమాంబ అక్కడ తులసివనం పెంచింది.

అటువంటి వారసత్వం ఉన్న నేల మీద ఇవాళ గుమ్మాలకు ప్లాస్టిక్ బంతిదండలు వేలాడుతున్నాయి. పెళ్ళిపందిళ్ళలో గుడ్డపూలు, దేవుడి పటాలకు కాగితపు మాలలు! వాడని పువ్వును చూసి మురవడం ఎంత దౌర్భాగ్యం! వాడటం తెలియనిదానికి పూయడమూ తెలియదు. పెరళ్ళన్నీ సిమెంటు కప్పేసుకుంటే కత్తెర పట్టే చేయి, మాల కట్టే వేలు ఎక్కడ తయారవుతాయి?

బుచ్చిరెడ్డిపాలెం కోదండరామస్వామికైనా, ఇంటి పటానికైనా నిజమైన పువ్వే ఎక్కాలి. ప్రతి ఇంటా ఒక్క మల్లెపాదుకైనా చోటు వదలాలి. ఏటా కత్తిరింపు వేళ పిల్లల చేత కత్తెర పట్టించాలి. ఆ తర్వాత రోజూ చెంబెడు నీళ్ళూ వాళ్ళ చేతే పోయించాలి.