బొమ్మల కొలువు – 'సిమ్స్ 2' ఊళ్ళ కలయిక: బంధుత్వ కథన పరిశీలన

1. ఉపోద్ఘాతం:

సంక్రాంతికి కృష్ణా డెల్టా ఇళ్ళలో తీర్చే బొమ్మల కొలువులో దశావతారాల పక్కనే ఎడ్లబండి, తాడిచెట్టెక్కే గీత కార్మికుడు, అంబారీ ఏనుగు నిలుస్తాయి. విజయవాడ సమీపంలోని కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో చేసిన ఈ బొమ్మలను వేర్వేరు ఏళ్ళలో కొన్నా, మెట్ల మీదకు చేరగానే అవి ఒకే ఊరివవుతాయి. ఇటువంటి కూర్పునే కంప్యూటర్ తెర మీద సాధ్యం చేసిన ఆట 'ది సిమ్స్ 2' (2004). అందులో ఊళ్ళను, ఇతరులు తయారుచేసిన కుటుంబాలను కలిపినప్పుడు బంధుత్వం ఏమవుతుందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. కలిసినా కలవని కథ:

ఈ ఆటతోపాటు ప్లెజెంట్‌వ్యూ, స్ట్రేంజ్‌టౌన్, వెరోనావిల్ అనే మూడు ఊళ్ళు వస్తాయి. ప్లెజెంట్‌వ్యూలో మార్టిమర్ గాథ్ భార్య బెల్లా అదృశ్యమై ఉంటుంది. స్ట్రేంజ్‌టౌన్‌లో అదే పేరుగల స్త్రీ తిరుగుతుంటుంది. మూడు ఊళ్ళనూ కలిపి, ఆటగాళ్ళు 'ఊబర్‌హుడ్' అని పిలుచుకునే ఏర్పాటులో మార్టిమర్, ఈ బెల్లా ఒకే చోటికి చేరతారు. పునస్సమాగమం జరుగుతుందనుకుంటాం. కాని ఆమెకు భర్త గుర్తు లేడు. ఆట లెక్కలో ఆమె వేరే వ్యక్తి. కాళిదాసు దుష్యంతుడి మరపును తొలగించడానికి ఉంగరాన్ని కల్పించాడు. ఇక్కడ అటువంటి ఆనవాలు లేదు.

3. ఇంటి కప్పు దాటని బంధుత్వం:

మనుషులున్న ఇంటిని ఒక ఊరి నుంచి మరో ఊరికి తరలించవద్దని 'సిమ్స్ 2' అనుభవజ్ఞులు హెచ్చరిస్తారు. పాత్రల జ్ఞాపకాలు పాత ఊరివాళ్ళతో ముడిపడి ఉండడమే అందుకు కారణం. 'సిమ్స్ 4' (2014)లో దిగుమతి చేసుకున్న కుటుంబానికి ఇంట్లోవారి వరసలు నిలుస్తాయి. బయటి చుట్టరికాలు తెగిపోతాయి. అంటే ఈ ఆటకు కుటుంబమంటే ఒక కప్పు కింద ఉన్నవారే. మన కుటుంబ భావన అది కాదు. మేనమామ వేరే ఊళ్ళో ఉన్నా, అతడు లేనిదే పెళ్ళి తంతు నడవదు. పల్లె విడిచి విజయవాడ అపార్ట్‌మెంటులో చేరిన ఇల్లాలు పక్కవాటా ఆవిడను 'పిన్నిగారూ' అని పిలిచి కొత్త వరస కలుపుకుంటుంది. కొలువులోనూ అంతే: "ఈవిడ ఆ బండివాడి మేనత్త" అని పిల్ల చెప్పగానే చుట్టరికం ఏర్పడుతుంది.

4. ముగింపు:

అయితే కొలువు బంధుత్వం బొమ్మలను మళ్ళీ పెట్టెలో సర్దేవరకే. ఆట జ్ఞాపకాలను దాచుకుంటుంది. కనుకనే అవి తెగినప్పుడు నష్టం తెలుస్తుంది. దాని లోపం మరచిపోవడం కాదు, పిలుపుతో కొత్త వరస కలుపుకోలేకపోవడం. ఇళ్ళను పక్కపక్కన చేర్చినంత మాత్రాన ఊరు ఏర్పడదని ఈ పరిశీలన వల్ల తెలుస్తున్నది.