వెలుగోటి ఎండలలో చుట్టల జాడీ

చుట్ట కాల్చువారిని గూర్చి సాహిత్యమున ఉన్నంత ముచ్చట చుట్టను దాచువారిని గూర్చి లేదు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమున గిరీశము పొగాకు పుట్టుకను అమృతముతో ముడిపెట్టు చాటుపద్యమును సైతము చదివి శిష్యునకు మహోపదేశము చేయును గాని, తన చేతిలోని చుట్ట ఎన్నాళ్ళనాటిదో, ఏ పెట్టెలోనుండి ఏ స్థితిలో వచ్చినదో చెప్పడు. 1887లో వెలువడిన కానన్ డాయిల్ నవలలో షెర్లాక్ హోమ్స్ నేలమీది బూడిదనుబట్టి హంతకుడు కాల్చినది తిరుచినాపల్లి చుట్ట యని తేల్చెను. బూడిదకే అంతటి శాస్త్రముండగా, బూడిద కాకమునుపు దానిని కాపాడు విద్యకు మనవారు ఒక పుటయైన కేటాయింపకుండుట నాకు వింతగా తోచును.

ఆ విద్య నిజమునకు పొగాకు రైతుది. గోదావరి లంకలలో ఏటి వరద మేటవేసిన ఒండునేలను పండి, లంకచుట్టలకు పేరు తెచ్చిన ఆకును గాని, మన నంద్యాల ప్రాంతపు నల్లరేగడిలో పండు నాటు పొగాకును గాని, పందిరిమీద ఎండినపిమ్మట మిట్టమధ్యాహ్నమున ఏ రైతును ముట్టుకొనడు. ముట్టుకొన్నచో పెళపెళ విరిగి పొడియగును. రాత్రి మంచు తగిలి ఆకు మెత్తబడి, పిడికిట నొక్కినను విరుగక, వదలినంతనే మరల విప్పుకొను పదునుకు వచ్చిన తెల్లవారుజామున దానిని దింపి, మండెలుగా పేర్చి, మండె కడుపున వేడి పుట్టగానే విప్పి, లోపలిది పైకిని పైది లోపలికిని తిరుగవేసి మరల పేర్చును. ఆ వేడిలోనే ఆకు పులిసి, ఘాటైన అమ్మోనియా వాసన వదలి, కారము చచ్చి పరిమళము పుట్టును. 1947లో రాజమహేంద్రవరమున నెలకొన్న కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ ఎన్ని వంగడములను వెలయించినను, ఈ పదును కనిపెట్టు పని మాత్రము నేటికిని చేతివ్రేళ్ళదే.

ఇంటిలో చుట్టలు దాచుట యనగా ఆ తెల్లవారుజామును డబ్బాలో నిలుపుకొనుట. ఎండిన ఆకు ఎన్నటికిని మృతపదార్థము కాదు. చుట్టునున్న గాలిలోని తేమను పీల్చుచును విడుచుచును ఉండును. ఆ గాలి సాపేక్ష ఆర్ద్రత 65 మొదలు 70 శాతము వరకును, వేడిమి 18 మొదలు 21 డిగ్రీల వరకును ఉన్నచో చుట్ట క్షేమముగా ఉండును. తేమ బాగుగా తగ్గినచో పై ఆకు చిట్లి పొగ కారమెక్కును. 75 దాటినచో బూజు పట్టును. ధనవంతులు ఇందులకై వేలకు వేలు పోసి స్పానిష్ దేవదారు పెట్టెలు కొందురు. పేరే గాని అది దేవదారు కాదు, మన వేపచెట్టు కుటుంబమునకు చెందిన వృక్షము. దాని పరిమళము చుట్టకు పొసగు మాట నిజమే. అంతమాత్రమున వేపపెట్టె చేయించుకొందమని ఎవరును ఉబలాటపడవద్దు, చేదువాసన తప్ప మిగులునది లేదు.

వెలుగోడు వంటి ఊరిలో ఈ లెక్కలు సులభముగా కుదురవు. నల్లమల అడుగున, సుమారు 17 టి.ఎం.సి.ల నీరు పట్టు తెలుగుగంగ జలాశయము ప్రక్కన ఉన్న ఊరికి తేమ కొరత యేమని పరాయివారు అడుగవచ్చును గాని, చైత్ర వైశాఖములలో 40 డిగ్రీలు దాటిన వడగాడ్పు వీచునప్పుడు కట్టమీది నీరు ఇంటిలోని చుట్టను రక్షింపజాలదు. పాత మట్టిమిద్దెలున్నవారు అదృష్టవంతులు. మందమైన రాతిగోడలోని గూడు, బేతంచెర్ల నాపరాయి పరచిన గదిలో నేలకానిన మూల, ఇవి ఇంటిలో అన్నిటికంటె చల్లని తావులు. కాంక్రీటు ఇండ్లవారు అటకను మరచి, మంచము క్రింది చోటును నమ్ముకొనవలెను.

ఇక పాత్ర. ఊరగాయ జాడీ శ్రేష్ఠము, అయితే క్రొత్తది కావలెను. పదేండ్లు ఆవకాయ ఊరిన జాడీని ఎన్నిమార్లు కడిగినను ఆ నూనెవాసన పోదు, చుట్టకు అంటకమానదు. వాసెన గుడ్డ ఆవకాయకు చాలును గాని చుట్టకు చాలదు. గుడ్డలోనుండి గాలి ఆడును. రబ్బరు పట్టీయు క్లిప్పులును గల ప్లాస్టిక్ డబ్బా, సొగసు లేకపోయినను, తక్కువ వెలలో అన్నిటికంటె నమ్మదగినది. మూతక్రింద కాగితపు పట్టీని ఉంచి లాగినప్పుడు సులువుగా జారిరాకున్నచో దాని బిగువు చాలును. అందులో తేమకొరకు, మెరుగుపూత లేని క్రొత్త కుండపెంకును శుద్ధజలమున నానబెట్టి, తుడిచి, చిన్న మూతలో ఉంచి, చుట్టలకు తగులకుండ ఒకమూల పెట్టవలెను. బోరునీరు వలదు, అందలి సున్నము పెంకు రంధ్రములను పూడ్చివేయును. డబ్బాను ఖాళీగా ఉంచక నిండుగా పేర్చుట మేలు, ఏలయన ఆకే ఆకునకు తేమ యిచ్చి పుచ్చుకొనుచు ఒడుదుడుకులను సర్దును.

లోపలి స్థితి తెలియుటకు కొన్ని వందల రూపాయలకు దొరకు తేమమాపకము కావలెను. అది నిజము చెప్పునో లేదో తేల్చుటకు మాత్రము వంటింటి ఉప్పు చాలును. గిన్నెడు ఉప్పులో చుక్కచుక్కగా నీరు పోసి, కరగిపోనీయక తడియిసుకవలె చేసి, మాపకముతోకూడ మూతబిగువుగల వేరొక డబ్బాలో ఒక పగలును ఒక రాత్రియు ఉంచినచో లోపలి గాలి 75 శాతమున నిలుచును. మాపకము 70 చూపినచో అది ఐదు తక్కువ చెప్పుచున్నదని గుర్తుంచుకొనుటయే. ప్రకృతి యింత చవుకగా ఇచ్చిన తూనికరాయి మరియొకటి నాకు తెలియదు.

ఇంత చెప్పినందున పొగను పొగడుచున్నానని తలపవలదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములలో నిప్పుకొనను నోటిలోపల నుంచి అడ్డపొగ త్రాగు స్త్రీలకు అంగిటియందు కలుగు క్యాన్సరును వైద్యులు దశాబ్దములుగా నమోదు చేసియున్నారు. బాగుగా దాచిన చుట్టయు హానికరమే. దాచుట నేర్చినవాడు కొనినదెల్ల ఎండిపోవునను తొందర లేక, తక్కువ కాల్చుననునదే నేను చెప్పగల ఊరట.

ఇక దాచు విద్యకే మరల వచ్చినచో, తేమ కుదిరినను పురుగు సంగతి వేరు. రెండు మూడు మిల్లీమీటర్ల గోధుమరంగు పొగాకు పురుగు ఆకులోనే గ్రుడ్లు పెట్టియుండి, వేడిమి 24 డిగ్రీలు దాటిన దినములలో తామరతంపరగా పెరిగి, సూదిబెజ్జముల వంటి రంధ్రములతో చుట్టను తొలిచివేయును. దానికి మిరపకాయలును, పసుపును, ధనియములును సమానముగా రుచించును గనుక కారపు డబ్బాల అరలో చుట్టలుంచుట రెండింటికిని చేటు. బెజ్జము కనబడినచో డబ్బాలోని చుట్టలన్నిటిని రెండు సంచులలో బిగించి, మూడు దినములు డీప్‌ఫ్రీజరులోను, పిమ్మట ఒక దినము క్రింది అరలోను ఉంచి బయటికి తీయవలెను. ఒక్కసారిగా తీసినచో పై ఆకు పగులును. ఇంటివారి అనుమతి ముందే తీసికొనుట క్షేమము.

ఎండిన చుట్టకు తొందరపడి నీరు చల్లువారున్నారు. లోపలి ఆకు మేలుకొనకమునుపే పై ఆకు ఉబ్బి చిట్లును; దానిని డబ్బాలో ఒకమూల ఉంచి రెండు మూడు వారములు ఓపిక పట్టవలెను. శ్రావణ భాద్రపదములలో వానగాలి తిరిగినప్పుడు కుండపెంకును పూర్తిగా తీసివేసి, మాపకము 72 దాటిన దినమున ఎండకాచిన మధ్యాహ్నమొక గడియ మూత తెరచి యుంచినచో సరిపోవును. ఆశ్వయుజము దాటి చలిగాలి పొడిబారగానే పెంకును మరల నానబెట్టుకొనవచ్చును.