రివెట్లు లెక్కపెట్టేవాళ్లు

తంగళ్ళపల్లిలో చాయ్ తాగుతూ ఫోన్‌లో ఒక వీడియో చూపించబోతే, "గీ బొమ్మ రైలుకా గింత సంబురం?" అని తీసిపారేశాడు మా దోస్తు. 2016లో శంకుస్థాపన చేసిన లైను మీద 2023లో సిద్దిపేటకు రైలొచ్చింది గానీ మా దాకా రాలేదు. అసలు రైలు కోసం చూసేవాడికి బొమ్మ ఆనుతుందా?

కానీ అది బొమ్మ కాదు. మోకాలెత్తు లేని ట్యాంక్ ఇంజన్. వెనక టెండర్ ఉండదు. నీళ్లు బాయిలర్‌కు రెండు పక్కలా తొట్లలో, బొగ్గు క్యాబ్ వెనక పెట్టెలో. నిజం నిప్పు, నిజం ఆవిరి. మూడున్నర అంగుళాల ఎడమున్న పట్టాల మీద మనుషుల్ని కూర్చోబెట్టుకుని లాక్కుపోతోంది.

నడవకుండా అద్దాల బీరువాలో ఉండే సరుకంటే నాకు పడదు. అందుకే 'ఎల్బీఎస్సీ' పేరుతో ఇంగ్లండ్ 'మోడల్ ఇంజనీర్' పత్రికలో దశాబ్దాల పాటు రాసిన కర్లీ లారెన్స్ అంటే నాకు గురి. స్పిరిట్ దీపాలతో చిన్న ఇంజన్లు నడిపే 1920ల్లో, రెండున్నర అంగుళాల పట్టాల మీద నడిచే 'అయేషా'లో బొగ్గు మండించి మనుషుల్ని లాగించాడు. తర్వాత కొత్తవాళ్ల కోసం 'టిచ్' అనే బుల్లి ట్యాంక్ ఇంజన్ గీసిచ్చాడు. అచ్చు గుద్దినట్టుందా లేదా అన్నది ఆయనకు తర్వాతి మాట. ముందు ఆవిరి పుట్టాలి.

ఆవిరికేమో మన కొలతలు పట్టవు. ఇంజన్‌ను పదహారో వంతుకు కుదిస్తే బాయిలర్‌లో పట్టే నీళ్లు 4,096వ వంతుకు పడిపోతాయి. వేడిని బయటికి వదిలే పైభాగం 256వ వంతు దగ్గరే ఆగుతుంది. చిటికెలో చల్లారుతుందన్నమాట. ఇక నీటిమట్టం చూపే గాజుగొట్టం. దాన్నీ అదే లెక్కన సన్నం చేస్తే నీళ్లు గోడలకంటుకుని పైకి పాకుతాయి, మట్టం అబద్ధం చెబుతుంది. అందుకే గొట్టం లెక్కకు మించి లావుగా పెడతారు. నమూనా అచ్చు గుద్దినట్టుండాలని రివెట్లు లెక్కపెట్టేవాళ్లకు అది తప్పు, నడిపేవాడికి ప్రాణం.

ఇదంతా చెప్పి గెలిచాననుకున్నా. "మరి మన అగ్గిపెట్టె చీర సంగతేందిరా?" అన్నాడు మా దోస్తు.

మానేరు దాటితే సిరిసిల్ల. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు, ఆ విద్యను అందుకున్న కొడుకు విజయ్ అక్కడివాళ్లే. విప్పితే నిండు చీరే. కుదించింది మందం ఒక్కటే. కానీ కట్టుకునేదెవరు? కానుకగా పోతుంది, అద్దాల వెనక చేరుతుంది. నా లెక్కన అదీ బీరువా సరుకే. ఆ మాట అనడానికి నోరు రాలేదు. మీటర్ల లెక్కన కూలి తీసుకునే ఊళ్లో ఒకడు మీటర్లు మరిచి, ఎవరూ కట్టని చీర కోసం తెగిన పోగు వెతికి అతుక్కుంటూ కూర్చుంటే, ఆ చీర ఏ పనికీ రాదని ఎట్లంటాం?

కాబట్టి రివెట్లు లెక్కపెట్టేవాళ్లతో ఇక కొట్లాడను. అద్దాల్లోనే పెట్టుకోండి. గాజుగొట్టం దగ్గర మాత్రం తగ్గేది లేదు. చీర మందం తప్పితే అగ్గిపెట్టెలో పట్టదు, అంతే. నీటిమట్టం తప్పితే బాయిలర్ కాలిపోతుంది.