వరుస చివర రెండు నిలువు గీతలు

జెంటూ లినక్స్‌లో ప్రతి ప్యాకేజీకీ ‘ఈబిల్డ్’ అనే బ్యాష్ స్క్రిప్టు ఉంటుంది. సోర్స్ విప్పడం, ప్యాచ్‌లు వేయడం, కంపైల్ చేయడం, ఇన్‌స్టాల్ చేయడం దాని అంచెలు. ఈబిల్డ్‌లను చదివేటప్పుడు నా చూపు వరుసల చివరే ఆగుతుంది: రెండు నిలువు గీతలు, పక్కన ‘డై’.

షెల్‌లో ప్రతి కమాండూ ముగుస్తూ ఒక సంఖ్య వదిలి వెళ్తుంది. సున్నా అయితే పని జరిగినట్టు, 1 నుంచి 255 దాకా ఏదైనా అయితే జరగనట్టు. ఎవరూ అడగకపోతే షెల్ ఆ సంఖ్యను పట్టించుకోదు. డైరెక్టరీ మార్చే ‘సీడీ’ విఫలమైనా సరే, కింది వరుసలోని ‘ఆర్‌ఎం’ అప్పటికి ఉన్న డైరెక్టరీలోనే ఫైళ్లను చెరిపేయడం మొదలుపెడుతుంది. ఆ గీతల జంట ఎడమవైపు కమాండు తప్పినప్పుడే కుడివైపున్న డైని పిలుస్తుంది. డై బిల్డ్‌ను అక్కడే ఆపి, ఏ ఫంక్షన్‌లో ఏ వరుస దగ్గర ఆగిందో పిలుపుల క్రమంతో సహా చూపిస్తుంది.

కమాండు తప్పిన చోటే స్క్రిప్టును ఆపే ‘సెట్ మైనస్ ఈ’ని పైన ఒక్కసారి రాస్తే చాలదా? ఆర్‌పీఎం ప్యాకేజీల బిల్డ్ స్క్రిప్టులు ‘మైనస్ ఈ’తోనే నడుస్తాయి. కానీ ‘ఇఫ్’ షరతుగా పిలిచిన ఫంక్షన్ లోపల ఆ కాపలా పనిచేయదు. నడుమ ఎన్ని వరుసలు తప్పినా ఆగదు. వరుస వరుసకూ డై రాయడం శ్రమే అయినా నాకు అదే నచ్చుతుంది. ఇక్కడ తప్పితే ఏం చేయాలో రాసినవారు ఆలోచించారని అది చెబుతుంది.

ఈబిల్డ్‌లు పాటించే నియమావళి ‘ఈఏపీఐ’. దాని 4వ సంచిక నుంచి ‘ఈమేక్’ లాంటి సహాయక కమాండ్లు తప్పితే తామే ఆపేస్తాయి. తప్పినా ఫర్వాలేదనుకుంటే ముందు ‘నాన్‌ఫేటల్’ చేర్చాలి. సబ్‌షెల్ సంగతి ఇంకా చిక్కు. అది వేరే ప్రాసెస్, అక్కడి ‘ఎగ్జిట్’ దాన్ని మాత్రమే ముగిస్తుంది. అందుకని జెంటూ ప్యాకేజీ మేనేజరైన పోర్టేజ్‌లో డై అసలు ప్రాసెస్‌కే ఆగమని సిగ్నల్ పంపుతుంది. సబ్‌షెల్‌లోనూ డై పనిచేయాలన్నది ఈఏపీఐ 7తో నియమమైంది.

డైకి కూడా అందని తప్పులున్నాయి. ఫైళ్లలో మాటలు మార్చే ‘సెడ్’, వెతికిన మాట దొరక్కపోయినా సున్నానే ఇస్తుంది. ప్యాచ్ అయితే చుట్టుపక్కల వరుసలు సరిపోలకపోతే విఫలమవుతుంది. సోర్స్ మార్చడానికి ప్యాచే మేలనేది అందుకే.

ఇన్‌స్టాల్ అంచె కూడా ముందు విడి డైరెక్టరీలోనే జరుగుతుంది. అన్నీ సరిగ్గా ముగిశాకే ఫైళ్లు అసలు వ్యవస్థలోకి వెళ్తాయి. నడుమ డై పిలుపు వస్తే పాత ప్యాకేజీ యథాతథంగా నడుస్తూనే ఉంటుంది; సగం కట్టిన బిల్డ్ డైరెక్టరీ, బిల్డ్ లాగ్ పరిశీలన కోసం అలాగే మిగులుతాయి.