ఎమోజీ – పాఠభేదం: రూపనిర్ణయం ఎవరిది?

1. ప్రస్తావన

జపనీస్‌లో ‘ఎ’ అంటే బొమ్మ, ‘మోజి’ అంటే అక్షరం. ఎమోజీ ద్వంద్వ స్వభావం ఈ పేరులోనే ఉంది. యూనికోడ్ ఎమోజీలకు సంఖ్యలనూ పేర్లనూ నిర్ణయిస్తుంది. తుది రూపాన్ని మాత్రం సంస్థలకు వదిలివేస్తుంది. కనుక వెబ్‌సైటు సొంత బొమ్మలను వాడాలా, చదువరి పరికరంలోని బొమ్మలనే చూపాలా అన్న ప్రశ్న సాంకేతికమైనది మాత్రమే కాదు. పాఠపరిష్కరణకు సంబంధించినది కూడా.

2. అక్షరం – బొమ్మ

విండోస్ ‘గౌతమి’ ఖతిలో చదివినా, గూగుల్ ‘నోటో’ ఖతిలో చదివినా ‘క’ అన్నది ‘క’యే. అక్షరానికి రూపం వాహకం. ఎమోజీకి రూపమే చాలావరకు అర్థం. 2016లో ఆపిల్ తుపాకి గుర్తును నీటి తుపాకిగా మార్చింది. ఇతర ప్రధాన సంస్థలు 2018లో ఆ మార్గం పట్టేవరకు, ఒకరు ఆటగా పంపినది మరొకరికి బెదిరింపుగా కనిపించే అవకాశం ఉండేది. తాళపత్ర ప్రతులలో పాఠభేదం లేఖకుల చేతుల్లో, కాలక్రమంలో ఏర్పడుతుంది. ఇక్కడ అది పంపిన క్షణంలోనే, ఇరువురికీ తెలియకుండా ఏర్పడుతుంది.

3. కోనసీమ కొబ్బరి

2017లో యూనికోడ్‌లో చేరిన కొబ్బరి గుర్తును ప్రధాన సంస్థలు గోధుమరంగు పెంకు, తెల్లని కొబ్బరి గల చిప్పగా చిత్రించాయి. గౌతమీ వసిష్ఠ పాయల నడుమనున్న కోనసీమలో బొండాం, కొబ్బరికాయ, కురిడీ, చిప్ప వేర్వేరు మాటలు, వేర్వేరు వస్తువులు. దాహాన్ని తలచి కవి బొండాం కోసం ఈ గుర్తు వాడితే పాఠకునికి పగిలిన కాయ కనిపిస్తుంది. వెబ్‌సైటు సొంతంగా బొండాం బొమ్మ గీయించవచ్చు. కాని ఆ వాక్యాన్ని వేరొకచోట అతికించగానే మళ్ళీ చిప్పే మిగులుతుంది.

4. సొంత బొమ్మల పరిమితి

ట్విటర్ 2014లో తన బొమ్మల సంపుటిని అందరికీ ఉచితంగా విడుదల చేసింది. దానిని వాడిన సైట్లలో ఏకరూపత సాధ్యమైంది. అయితే ఎక్స్‌గా మారిన అదే వేదిక 2024లో నీటి తుపాకిని తిరిగి అసలు తుపాకిగా మార్చింది. సంపుటి మారితే పాత వాక్యాల రూపమూ మారగలదు. ఏకరూపత స్థిరత్వం కాదు. పైగా గుర్తు స్థానంలో వివరణ లేని బొమ్మను ఉంచితే, అంధ పాఠకులకు తెరను చదివి వినిపించే సాధనం అక్కడ మౌనం వహిస్తుంది.

5. ముగింపు

నిత్య వ్యవహారానికి పరికరంలోని రూపమే తగినది. చదువరి కంటికి అలవాటైనది అదే. సాహిత్య, పరిశోధన వేదికలు మాత్రం యూనికోడ్ సంఖ్యను చెరపకుండా, ఒకే ఖతిని స్థిరంగా వాడాలి. ఎమోజీ ఉన్న రచనను ఉదాహరించే విమర్శకుడు తాను ఏ పరికరంలో, ఏ రూపాన్ని చూశాడో పేర్కొనాలి. ఏ ప్రతిని అనుసరించారో చెప్పని పరిష్కరణను మనం అంగీకరించం; ఈ నియమం ఎమోజీకీ వర్తించాలి.